ఇంగ్లాండ్ పల్లెలో చిన్న ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి వెళ్లి మ్యాచ్ చూడటం ఎలా?

చదువుకో, ఉద్యోగానికో ఇంగ్లాండ్ వచ్చిన మనవాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ప్రతివాళ్లదీ ఒకటే కోరిక. మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ల ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనో, లివర్‌పూల్ వాళ్ల ఆన్‌ఫీల్డ్‌లోనో ఒక్క మ్యాచ్ అయినా చూడాలని. తప్పకుండా చూడండి. కాకపోతే అక్కడికి వెళ్లాలంటే ముందు మెంబర్‌షిప్ కట్టాలి, తర్వాత టికెట్ దొరకాలి, ఆ ధర విద్యార్థి జేబుకి ఆనాలి. అదంతా కుదిరేలోపు మీరుండే ఊరికి గంట దూరంలో, పొలాల పక్కన, పది పౌండ్లలోపు టికెట్‌తో అసలు సిసలు పోటీ మ్యాచ్‌లు శనివారం శనివారం జరిగిపోతూనే ఉంటాయి. కమ్మీ పట్టుకుని నిలబడితే ఆటగాడి ఆయాసం వినపడేంత దగ్గర. ఒక్కసారి వెళ్లినా ఆ ఊరి మనుషులు మీతో మాట్లాడతారు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోర్ దాటి ఎవరితోనూ పరిచయం లేదని బాధపడేవాళ్లకి నేను మొదట చెప్పే మాట, దగ్గర్లోని చిన్న క్లబ్బు మ్యాచ్‌కి వెళ్లమనే.

నేను ఎక్కువగా ఈశాన్య ఇంగ్లాండ్ గురించే చెబుతాను. మిడిల్స్‌బ్రో, సండర్‌ల్యాండ్, న్యూకాజిల్ యూనివర్సిటీల్లో మన పిల్లలు చాలామంది ఉన్నారు. పైగా చిన్న ఫుట్‌బాల్‌కి డరమ్ జిల్లా పల్లెల్ని మించిన చోటు లేదని నా నమ్మకం. మీరు వేరే ప్రాంతంలో ఉన్నా పద్ధతి ఇదే.

ముందు ఏ స్థాయి మ్యాచో తేల్చుకోండి

ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, దాని కింద మూడు డివిజన్లలో 24 చొప్పున 72. ఈ 92 క్లబ్బుల కింద ఉన్నదంతా నాన్‌లీగ్. అందులో అన్నిటికన్నా పైది నేషనల్ లీగ్, అది స్టెప్ 1. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా దిగుతూ స్టెప్ 5, స్టెప్ 6 దాకా వస్తే ప్రాంతీయ లీగ్‌లు ఉంటాయి. ఆ కింద జిల్లా లీగ్‌లు. గెలిస్తే పైకి, ఓడితే కిందికి. ఎంత చిన్న క్లబ్బుకైనా పైకెక్కే దారి కాగితం మీద తెరిచే ఉంటుంది. జేమీ వార్డీ షెఫీల్డ్ దగ్గర స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి క్లబ్బులో ఆడి, మెట్టు మెట్టుగా ఎక్కి, 2016లో లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచాడు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి స్టెప్ 5, స్టెప్ 6 సరైనవి. ఆట గట్టిగా ఉంటుంది, కుర్రాళ్లు నిజంగా గెలవాలనే ఆడతారు. జనం మాత్రం వంద నుంచి మూడు నాలుగు వందల మధ్య ఉంటారు. స్టెప్ 1, 2 దగ్గర జనం వేలల్లో ఉండొచ్చు. కొన్నిచోట్ల రెండు జట్ల అభిమానుల్ని విడదీసి నిలబెడతారు. అక్కడ ఈ దగ్గరితనం ఉండదు.

ఈశాన్యంలో స్టెప్ 5, 6 అంటే నార్తర్న్ లీగ్. 1889లో మొదలైంది. ప్రపంచంలో ఇంకా నడుస్తున్న ఫుట్‌బాల్ లీగ్‌లలో వయసులో ఇది రెండోది. ఈ స్థాయి క్లబ్బుల కోసం ఎఫ్‌ఏ, అంటే ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం, దేశవ్యాప్తంగా జరిపే ఎఫ్‌ఏ వేజ్ అనే కప్పుని 2009, 2010, 2011లో వరసగా మూడుసార్లు ఇక్కడి విట్లీ బే గెలిచింది.

ఊరు ఎంచుకోవడం

గ్రౌండ్ ఎంచుకునేటప్పుడు కథ ఉన్న ఊరైతే మంచిది. అక్కడ చూడటానికీ, మాట్లాడటానికీ ఏదో ఒకటి దొరుకుతుంది. నా ఓటు వెస్ట్ ఆక్లండ్‌కి. బిషప్ ఆక్లండ్ అనే పట్టణానికి ఐదు కిలోమీటర్ల లోపే ఉన్న బొగ్గుగనుల పల్లె అది. 1909లో ఇటలీలోని ట్యూరిన్‌లో సర్ థామస్ లిప్టన్ పేరుతో ఒక అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీ జరిగింది. అవును, మన టీ పొట్లాల మీద పేరున్న ఆ లిప్టనే. ఇంగ్లాండ్ నుంచి దానికి వెళ్లింది పెద్ద క్లబ్బు కాదు, ఎక్కువగా గని కార్మికులే ఉన్న ఈ వెస్ట్ ఆక్లండ్ జట్టు. ఫైనల్లో స్విట్జర్లాండ్ జట్టు వింటర్‌తూర్‌ని 2-0తో ఓడించింది. 1911లో మళ్లీ వెళ్లి, ఈసారి ఫైనల్లో యువెంటస్‌ని 6-1తో చిత్తు చేసింది. ఫిఫా ప్రపంచకప్ మొదలైంది 1930లో. అందుకే ఈ ఊరివాళ్లు మొదటి ప్రపంచకప్ మాదే అంటారు, వాళ్లకి ఆ హక్కు ఉందనే నేనూ అంటాను.

అసలు కథ ఆ తర్వాత ఉంది. ప్రయాణ ఖర్చులకి క్లబ్బు అప్పులపాలైంది. గెలిచిన కప్పునే ఊళ్లోని హోటల్ యజమానురాలి దగ్గర 40 పౌండ్లకి తాకట్టు పెట్టారు. దాన్ని 1960లో 100 పౌండ్లు కట్టి విడిపించుకున్నారు. 1994లో ఊరి క్లబ్బు నుంచి ఎవరో దాన్ని ఎత్తుకుపోయారు, మళ్లీ దొరకలేదు. ఇప్పుడున్నది అచ్చం అలాగే చేయించిన నకలు. ఊరి మధ్య పచ్చిక మైదానంలో ఆ విజయానికి గుర్తుగా కంచు శిల్పం ఉంది. మ్యాచ్‌కి గంట ముందు దిగి దాన్ని చూసి, తీరిగ్గా గ్రౌండ్‌కి నడవండి.

రైల్లో సుఖంగా వెళ్లిరావాలంటే షిల్డన్ మేలు. డార్లింగ్టన్ నుంచి బిషప్ ఆక్లండ్ వెళ్లే రైలు మార్గంలో చివరి స్టేషన్‌కి ముందుది అది. స్టేషన్ పక్కనే లోకోమోషన్ అనే రైల్వే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. 1825లో మొదలైన స్టాక్టన్–డార్లింగ్టన్ రైల్వేకి పుట్టినిల్లు లాంటి ఊరు కాబట్టి పాత ఇంజిన్లు కళ్లనిండా చూడొచ్చు. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం డీన్ స్ట్రీట్ గ్రౌండ్‌లో మ్యాచ్. పిల్లలున్న కుటుంబాలకి ఇంతకన్నా మంచి శనివారం దొరకదు.

చలికి తట్టుకోగలిగితే టో లా. సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున, గాలికి అడ్డేమీ లేని కొండ మీద ఊరు. తర్వాత ఇంగ్లాండ్ జట్టుకి ఆడిన క్రిస్ వాడిల్ న్యూకాజిల్‌కి వెళ్లేముందు ఆడింది ఇక్కడే. 1967లో పెద్ద, చిన్న క్లబ్బులు కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్‌లో, పై 92 క్లబ్బుల్లో ఒకటైన మ్యాన్స్‌ఫీల్డ్‌ని ఈ ఊరివాళ్లు 5-1తో ఓడించారు. దీన్ని ఎండాకాలం చివర్లో, అంటే ఆగస్టు, సెప్టెంబర్లలో పెట్టుకోండి.

షెఫీల్డ్‌లో ఉన్నవాళ్లు ఊరి అంచున ఉన్న శాండీగేట్‌కి వెళ్లండి. అది హాలమ్ క్లబ్బు మైదానం. ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ గ్రౌండ్‌గా గిన్నిస్ గుర్తింపు ఉంది. 1860 డిసెంబర్ 26న ఇక్కడ హాలమ్‌తో ఆడిన షెఫీల్డ్ ఎఫ్‌సీ 1857లో పుట్టిన ప్రపంచపు తొలి క్లబ్బు. మైదానం ఒకవైపుకి బాగా వాలి ఉంటుంది. దక్షిణాన ఉన్నవాళ్లకైతే లూయిస్ అనే ఊళ్లోని డ్రిపింగ్ పాన్ గ్రౌండ్. రైల్వే స్టేషన్ నుంచి నాలుగడుగులు. 2017లో మగ, ఆడ జట్లకి సమానంగా జీతాలివ్వడం మొదలుపెట్టిన క్లబ్బు అక్కడిది.

రోజు చూసుకోవడం

సీజన్ ఆగస్టు నుంచి ఏప్రిల్ చివరిదాకా. శనివారం మధ్యాహ్నం 3 గంటలు, లేదంటే వారం మధ్యలో, ఎక్కువగా మంగళవారం, రాత్రి ఏడున్నర, ఏడుముప్పావు ప్రాంతంలో. మొదటిసారి శనివారమే వెళ్లండి. రాత్రి మ్యాచ్ అయ్యాక పల్లె నుంచి బస్సు దొరకడం కష్టం.

శనివారం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు. చిన్న గ్రౌండ్ల జనాన్ని టీవీ లాక్కోకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. కాబట్టి ఇంట్లో ఉన్నా ఆ సమయంలో చూడటానికి మీకు ఇంగ్లిష్ మ్యాచ్ లేదు, వెళ్లిపోండి.

రెండు రకాల శనివారాలు ప్రత్యేకం. అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం పెద్ద లీగ్‌లు ఆగిన వారాంతాల్లో చిన్న క్లబ్బులకి జనం ఎక్కువ వస్తారు. 2010లో ఒక అభిమాని మొదలుపెట్టిన నాన్‌లీగ్ డే కూడా అలాంటి శనివారమే వస్తుంది, ఆ రోజు చాలా క్లబ్బులు టికెట్ తగ్గిస్తాయి. రెండోది, ఆగస్టులో ఎఫ్‌ఏ కప్ తొలి అర్హత రౌండ్లు. మే నెలలో వెంబ్లీలో ముగిసే ఆ కప్పు నిజంగా మొదలయ్యేది ఇలాంటి పల్లె గ్రౌండ్లలోనే. కప్పు మ్యాచ్ రోజు ఆటగాళ్ల మొహాల్లో తేడా మీకే తెలుస్తుంది.

మ్యాచ్‌ల జాబితాకి లీగ్ వెబ్‌సైట్, క్లబ్బు వెబ్‌సైట్ రెండూ చూడండి. ఇంకా కింది స్థాయి లీగ్‌లకి ఎఫ్‌ఏ వాళ్ల ఫుల్‌టైమ్ అనే సైట్ ఉంది. ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఏదైనా జట్టు కప్పులో ముందుకెళ్తే ఆ శనివారం లీగ్ మ్యాచ్ వేరే రోజుకి మారిపోతుంది. నెల ముందు చూసుకున్న తేదీని నమ్ముకుని బయల్దేరకండి.

మ్యాచ్ ఉందో లేదో ఆ రోజు పొద్దున తేల్చుకోవాలి

ఈ ఒక్క పని మానేసి ఎంతోమంది ఖాళీ గ్రౌండ్ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. నవంబర్ నుంచి మార్చి దాకా వాన, మంచు పల్లె గ్రౌండ్లని ఊరికే వదలవు. ప్రీమియర్ లీగ్ గ్రౌండ్లకి నేల కింద వేడి గొట్టాలు ఉంటాయి. ఇక్కడ అలాంటివేమీ ఉండవు, వాలంటీర్లు గడ్డపారల్లాంటి ఫోర్కులతో నేలలో గుచ్చి నీళ్లు ఇంకిస్తారు. వాతావరణం బాగోలేదంటే రిఫరీ పొద్దున్నే వచ్చి నేల చూస్తాడు. బంతిని భుజం ఎత్తు నుంచి వదిలి అది ఎగురుతుందా, చప్పున అతుక్కుపోతుందా అని చూస్తాడు. గోల్ ముందు బూటు నొక్కి పెట్టి నీళ్లు పైకి వస్తున్నాయేమో చూస్తాడు. ఆడలేం అంటే మ్యాచ్ వాయిదా.

ఆ సంగతి క్లబ్బు సోషల్ మీడియా పేజీలో మొదట పడుతుంది, వెబ్‌సైట్‌లో తర్వాత. పొద్దున 10 గంటలకి ఒకసారి, ఇంట్లోంచి బయల్దేరేముందు ఒకసారి, రైలెక్కేముందు ఒకసారి చూడండి. రెండో తనిఖీ మధ్యాహ్నం పన్నెండుకి ఉందని రాస్తే అది అయ్యేదాకా రైలు టికెట్ కొనకండి. చలికాలంలో గట్టిగా వెళ్లాలని ఉంటే త్రీజీ పిచ్, అంటే కృత్రిమ గడ్డి ఉన్న గ్రౌండ్ చూసుకోండి. అక్కడ వాయిదాలు తక్కువ. మట్టి వాసన మాత్రం ఉండదు.

వెళ్లడం కన్నా తిరిగి రావడం ముఖ్యం

మిడిల్స్‌బ్రో నుంచి బిషప్ ఆక్లండ్‌కి నేరుగా రైలుంది, డార్లింగ్టన్ మీదుగా వెళ్తుంది, ప్రయాణం సుమారు గంట. న్యూకాజిల్, యార్క్ వైపు నుంచి వచ్చేవాళ్లు డార్లింగ్టన్‌లో మారాలి. బిషప్ ఆక్లండ్ నుంచి వెస్ట్ ఆక్లండ్‌కి బస్సు. 16-25 రైల్‌కార్డ్, 26-30 రైల్‌కార్డ్ ఏది ఉన్నా టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. బస్సుకి 2025 జనవరి నుంచి ఇంగ్లాండ్‌లో ఒకవైపు ప్రయాణానికి 3 పౌండ్ల గరిష్ట ఛార్జీ నడుస్తోంది, ఆ పథకంలో ఉన్న బస్సులన్నింటికీ.

మూడుకి మొదలైన ఆట 4:50 ప్రాంతంలో ముగుస్తుంది. పల్లె బస్సులు సాయంత్రం ఆరు దాటాక బాగా తగ్గిపోతాయి, ఆదివారాలు, సెలవు రోజులు మరీ తక్కువ. అందుకే ముందు తిరుగు బస్సు టైమ్ రాసుకుని, దాన్ని బట్టి ప్లాన్ వేసుకోండి. ఆ ఊరి టాక్సీ నంబర్ ఒకటి ముందే ఫోన్‌లో పెట్టుకోండి, ఊబర్ చాలా పల్లెల్లో రాదు. కారున్న స్నేహితులు నలుగురు కలిసి వెళ్తే ఇంకా హాయి. కారు వీధిలో ఎవరి గేటుకీ అడ్డం పెట్టకండి, క్లబ్బుకి ఊరివాళ్లతో గొడవలొచ్చేది అక్కడే.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి

మనవాళ్లు ఎప్పుడూ తక్కువ అంచనా వేసేది నిలబడ్డప్పటి చలిని. నడుస్తుంటే సరిపోయే జాకెట్ రెండు గంటలు కదలకుండా నిలబడితే చాలదు. లోపల థర్మల్స్, మందం సాక్సులు రెండు జతలు, చెవులు కప్పే టోపీ, గ్లవ్స్. బూట్లు తడిని ఆపేవి అయ్యుండాలి, అడుగు మందంగా ఉండాలి. చలి మొదట కాంక్రీటు మీంచి పాదాల్లోకే ఎక్కుతుంది. గొడుగు వద్దు, వెనకవాళ్లకి అడ్డం. టోపీ ఉన్న వానకోటు తెచ్చుకోండి. డిసెంబర్‌లో నాలుగు గంటలకి ముందే చీకటి పడుతుంది, రెండో సగమంతా ఫ్లడ్‌లైట్ల కిందే.

చేతిలో కొంత చిల్లర నగదు ఉంచుకోండి. గేటు దగ్గర కార్డు తీసుకునే క్లబ్బులు ఇప్పుడు చాలానే ఉన్నా, రాఫెల్, అంటే క్లబ్బు లాటరీ, టికెట్లు అమ్మే పెద్దావిడ దగ్గర మెషీన్ ఉండకపోవచ్చు.

గేటు దగ్గర

రెండున్నరకల్లా చేరుకోండి. టికెట్ ముందే బుక్ చేయాల్సిన పని దాదాపు ఉండదు. ఇనుప తిరుగుడు గేటు వెనక చిన్న కిటికీలో ఒకాయన కూర్చుని ఉంటాడు, డబ్బు ఇస్తే లోపలికి వదులుతాడు. ఈ స్థాయిలో ప్రవేశం 7 నుంచి 10 పౌండ్ల మధ్య ఉంటుంది. విద్యార్థి కార్డు చూపిస్తే తగ్గింపు ఇచ్చేవాళ్లు చాలామంది, అడగడానికి మొహమాటపడకండి. పిల్లలకి చాలాచోట్ల ఉచితం లేదా నామమాత్రం.

ప్రోగ్రామ్, అంటే ఆ రోజు మ్యాచ్ గురించిన చిన్న పుస్తకం, అచ్చు వేసే క్లబ్బయితే ఒకటి కొనండి. ప్రత్యర్థి జట్టు చరిత్ర, పాత ఫోటో, చివర్లో ఊళ్లోని మాంసం కొట్టు, ప్లంబర్, అంత్యక్రియల సంస్థ ప్రకటనలు. ఊరిని అరగంటలో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి కాగితం లేదు. తర్వాత గోల్డెన్ గోల్ టికెట్ అమ్ముతారు. మడిచి అంటించిన చిన్న చీటీ, చింపితే లోపల ఒక నిమిషం రాసి ఉంటుంది. మొదటి గోల్ ఆ నిమిషంలో పడితే బహుమతి మీదే. అది కొనండి, రాఫెల్ కూడా కొనండి. ఫ్లడ్‌లైట్ల కరెంటు బిల్లు, పిల్లల జట్టు జెర్సీలు ఈ చిల్లరతోనే నడుస్తాయి.

లోపలికెళ్లగానే టీ కొట్టు దగ్గరో, క్లబ్‌హౌస్ గోడ మీదో తెల్లబోర్డు వెతకండి. ఆ రోజు ఆడే రెండు జట్ల పేర్లూ చేత్తో రాసి ఉంటాయి. దాన్ని ఫోటో తీసుకోండి, చొక్కాల మీద ఆటగాళ్ల పేర్లు ఉండవు కాబట్టి ఆటంతా అదే మీకు ఆధారం.

అక్కడ ఒక మనిషి తప్పక కనిపిస్తాడు. గేటు తాళం తీసేది, రిఫరీకి టీ ఇచ్చేది, కార్నర్ జెండాలు పాతేది, మైకులో పేర్లు చదివేది ఆయనే. పెళ్లింట్లో మేనమామలా అటూ ఇటూ పరుగెడుతుంటాడు. సాధారణంగా క్లబ్బు సెక్రటరీ అయ్యుంటాడు. జీతం ఉండదు. ఏ సందేహం వచ్చినా ఆయన్నే అడగండి, మొదటిసారి వచ్చానని చెప్పండి. ఆ పరుగులోనూ మీకోసం ఆగుతాడు.

ఎక్కడ నిలబడాలి

స్టాండులో కుర్చీలు కొన్ని ఉంటాయి, ఎక్కడైనా కూర్చోవచ్చు. కానీ కూర్చోకండి, కనీసం మొదటి సగం. మైదానం చుట్టూ నడుం ఎత్తున ఇనుప కమ్మీ ఉంటుంది, దానికి ఆనుకుని నిలబడండి. నా సలహా ఇది: మొదటి ఇరవై నిమిషాలు జట్ల కోచ్‌లు ఉండే డగౌట్ పక్కన. ఎవరు ఎక్కడికి జరగాలో, లెఫ్ట్ బ్యాక్ ఎందుకు ముందుకి వెళ్లకూడదో కోచ్ గొంతు చించుకుని చెబుతుంటాడు. టీవీలో సంవత్సరాలు చూసినా అర్థం కానిది అక్కడ పావుగంటలో అర్థమవుతుంది. తర్వాత ఊరి జట్టు దాడి చేసే గోల్ వెనక్కి వెళ్లండి. కార్నర్ కిక్ అప్పుడు డిఫెండర్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకోవడం, గోల్‌కీపర్ కేకలు, బంతి వలకి తగిలిన చప్పుడు, అన్నీ రెండు గజాల దూరంలో. హాఫ్‌టైమ్‌కి జట్లు వైపులు మారతాయి కదా, జనం కూడా టీ కప్పులు పట్టుకుని మైదానం చుట్టూ నడిచి అవతలి గోల్ వెనక్కి చేరతారు. మీరూ వాళ్లతో నడవండి. మాటలు కలిసేది ఆ నడకలోనే.

బంతి కమ్మీ దాటి మీ వైపు వస్తే తీసి ఆటగాడికి విసిరేయండి, అది మీ బాధ్యత. మైదానంలోకి మాత్రం అడుగుపెట్టకూడదు. కంచె దాటి పొలంలో పడితే ఎవరో ఒక పిల్లాడు పరుగెడతాడు. కుక్కల్ని తెచ్చేవాళ్లుంటారు, భయమున్నవాళ్లు కాస్త ఎడంగా నిలబడండి. బూతులు వినిపిస్తాయి, మైదానంలోంచీ, బయటి నుంచీ. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు డగౌట్లకి దూరంగా స్టాండు చివర కూర్చోవడం మంచిది.

టీవీలో చూడని నిబంధన ఒకటి ఇక్కడ కనిపించొచ్చు. స్టెప్ 5, ఆ కింద రిఫరీతో వాదనకి దిగిన ఆటగాడికి పసుపు కార్డుతో పాటు పది నిమిషాలు బయట కూర్చునే శిక్ష ఉంటుంది. రిఫరీ రెండు చేతులూ గీత వైపు చూపిస్తాడు. ఎర్ర కార్డు లేకుండానే జట్టు పదిమందికి పడిపోయిందేమిటని కంగారుపడకండి.

తిండి, పానీయం: మనవాళ్లు చూసుకోవాల్సినవి

టీ కొట్టులో టీ, చిప్స్, పై, బర్గర్, బేకన్ రోల్ ఉంటాయి. శాకాహారులకి చీజ్ అండ్ ఆనియన్ పేస్టీ, చీజ్ చిప్స్ దొరికే అవకాశం ఎక్కువ. జాగ్రత్తపడాల్సినవి రెండు. ఒకటి బోవ్రిల్. చలికాలంలో అందరి చేతుల్లో పొగలు కక్కుతూ నల్లగా కనిపించే కప్పు అదే, చూడటానికి డికాక్షన్ అనిపిస్తుంది. అది గొడ్డుమాంసం సారం. 2004లో కంపెనీ మాంసం తీసేసి ఈస్ట్‌తో చేసింది గానీ 2006లో మళ్లీ మాంసానికే తిరిగొచ్చింది, కాబట్టి ఎవరైనా అందులో మాంసం లేదంటే పాత సంగతి చెబుతున్నట్టు. రెండోది, ఉత్తర ఇంగ్లాండ్‌లో చిప్స్‌ని గొడ్డు కొవ్వులో వేయించే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. ఏ నూనెలో వేయిస్తున్నారని అడగండి. ఆ ప్రశ్న వాళ్లకి కొత్త కాదు, ఎవరూ తప్పుగా అనుకోరు. ఇంటినుంచి పులిహోర డబ్బా తెచ్చుకున్నా కాదనరు గానీ, ఒక్క టీ అయినా అక్కడ కొనండి.

బీరు తాగేవాళ్లకి ఒక సంగతి. 1985 నాటి చట్టం ప్రకారం పై ఐదు స్థాయిల మ్యాచ్‌లలో మైదానం కనపడేచోట మద్యం తాగకూడదు. ఆ కిందికి వస్తే ఆ నిషేధం లేదు, ప్లాస్టిక్ గ్లాసుతో కమ్మీ దగ్గర నిలబడవచ్చు. తాగనివాళ్లని ఎవరూ బలవంతపెట్టరు, క్లబ్‌హౌస్‌లో కూర్చోవడానికి బీరు కొనాల్సిన పనీ లేదు.

మాట కలపడం

మనకి అసలు అడ్డంకి ఇదే. ఇంగ్లిష్ వచ్చినా ఈశాన్యపు యాస మొదట్లో అర్థం కాదు, మొహమాటం. దానికి సులువైన మార్గం: పక్కనున్న పెద్దాయన్ని, ఈ గ్రౌండ్‌లో మీరు చూసిన గొప్ప ఆటగాడు ఎవరని అడగండి. ఇక మీరు వినడమే. బిషప్ ఆక్లండ్ చుట్టుపక్కలైతే ఎఫ్‌ఏ అమెచ్యూర్ కప్‌ని తమ క్లబ్బు పదిసార్లు గెలిచిందనీ, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదం తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆటగాళ్లు కరువైనప్పుడు తమ ఊరివాళ్లు ముగ్గుర్ని పంపారనీ గర్వంగా చెబుతారు.

ఇండియాలో ఫుట్‌బాల్ ఆడతారా అని వాళ్లు అడుగుతారు. అప్పుడు తడుముకోకండి. హైదరాబాద్‌కి చెందిన స్కూలు మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందని, 1962 ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చిందని చెప్పండి. ఆ జట్లలో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడని చెప్పండి. మెల్‌బోర్న్‌లో బ్రిటన్‌ని 6-1తో ఇంటికి పంపిన బల్గేరియానే కాంస్యం పోరులో మనల్నీ ఓడించింది, ఆ బాధ ఇద్దరికీ ఉమ్మడి. లండన్ వైపు ఉన్నవాళ్లకి ఇంకొకటి: స్వతంత్ర భారత్ తొలి ఒలింపిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ 1948 జులై 31న జరిగింది ఇల్ఫోర్డ్‌లోనే. ఎక్కువమంది ఒట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడారు. ఇప్పుడు మనవాళ్లు ఇంతమంది కాపురముంటున్న ఊరు అది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఈ గ్రౌండ్లలో మన రంగువాళ్లు తక్కువ, మొదట కొందరు తేరిపార చూస్తారు. నాకు తెలిసినంతలో ఆ చూపు కుతూహలమే, హాఫ్‌టైమ్ కల్లా పలకరింపుగా మారుతుంది. ఎవరైనా రంగు గురించో, దేశం గురించో నోరు పారేసుకుంటే మాత్రం సర్దుకుపోకండి. సెక్రటరీకో, స్టూవర్డ్‌కో వెంటనే చెప్పండి. తర్వాత ఫుట్‌బాల్‌లో వివక్ష మీద పోరాడే కిక్ ఇట్ ఔట్ సంస్థకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, కింది స్థాయి మ్యాచ్‌లవి కూడా వాళ్లు తీసుకుంటారు.

రెండోసారి వెళ్లేటప్పుడు

నచ్చితే అదే క్లబ్బుకి మళ్లీ వెళ్లండి, ప్రతి వారం కొత్త గ్రౌండ్ వెతుక్కోకండి. రెండోసారికే గేటు దగ్గర పెద్దాయన గుర్తుపడతాడు. అప్పుడు రెండు పనులు అడగొచ్చు. ఒకటి, బయటి ఊళ్లో మ్యాచ్ ఉన్న రోజు క్లబ్బు బస్సులో సీటు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల బస్సులోనే కొద్దిమంది అభిమానుల్ని తక్కువ డబ్బుకి తీసుకెళ్తాయి. బస్సు టైమ్‌ల గొడవ లేకుండా డరమ్ పల్లెలన్నీ తిరగొచ్చు. రెండోది, సాయం. ప్రోగ్రామ్ డిజైన్, ఫోటోలు, వెబ్‌సైట్, సోషల్ మీడియా పోస్టులు, మన కంప్యూటర్ పిల్లలకి చేతిలో పని. క్లబ్బులకి అవే కొరత. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు క్రమంగా బాధ్యత ఒప్పుకునేముందు యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని ఒకసారి అడగండి. ఇష్టపూర్వక సేవకీ, జీతం లేని ఉద్యోగానికీ వీసా నిబంధనల్లో తేడా ఉంది, రెండోది వారానికి ఇన్ని గంటలన్న మీ పరిమితిలోకి వస్తుంది. వాళ్లు సరేనంటే శనివారం ఒంటిగంటకల్లా గ్రౌండ్‌లో ఉండండి, వలలు కట్టేది అప్పుడే.